స్వీడన్ బాక్సర్లు, ఓబులేసు వ్యాను, ఏడు వందల గ్రాములు

ఆ ఉదయం పక్క బాల్కనీలో, బట్టలారేసే స్టాండు మీద, పిల్లల సాక్సుల మధ్య రెండు ఎర్రటి బాక్సింగ్ గ్లవ్స్ వేలాడుతున్నాయి. తడి పీల్చడానికి వాటి లోపల నలిపిన పాత పేపర్లు కుక్కి ఉన్నాయి. నేను కాఫీ గ్లాసుతో నిలబడి వాటినే చూస్తుంటే, ఆ గ్లవ్స్ మనిషి ఆనికా బయటికొచ్చి, "ఈ రోజు నీకేమైనా పనుందా?" అని అడిగింది. ఈ ప్రయాణం అలా మొదలైంది.

ఖతార్‌లో అల్ వుకైర్‌లో మా అక్కా బావల దగ్గరికి రెండు నెలలకని వచ్చాను. పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. ఎక్కడ కూర్చుని అయినా దిద్దొచ్చు కాబట్టి ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చునే అలవాటు కూడా దాంతోపాటే వచ్చింది. ఆనికాది స్వీడన్. ఇక్కడ నీటి సరఫరా పనుల్లో ఇంజినీరు. ఉత్తరాన రంపపు మిల్లులుండే ఒక చిన్న ఊళ్ళో పెరిగింది, అక్కడి బాక్సింగ్ క్లబ్బులో పాతికేళ్ళు వచ్చేదాకా ఆడింది. ఆ క్లబ్బు వాళ్ళు ఏటా ఈస్టర్ సెలవుల్లో వెచ్చగా ఉండే దేశం ఏదో ఒకటి చూసుకుని వెళ్ళి సాధన చేస్తారట. ఈసారి ఆనికా మాట మీద దోహా వచ్చారు. ఆ రోజే, అంటే శుక్రవారం, ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక జిమ్ కుర్రాళ్ళతో వాళ్ళకి స్నేహపూర్వకంగా పోటీలు పెట్టారు. అక్కడి బాక్సర్లలో ఒకతను తెలుగువాడు. డాక్టరు ఇంగ్లీషులో ఏం అడిగినా చిరునవ్వుతో తలూపుతాడట. అతనికి అర్థమయ్యేలా అడిగేవాళ్ళు ఒకరు కావాలని జిమ్ కోచ్ కోరాడు.

పదేళ్ళు కాన్వెంట్‌లో చదివాను. ఇంగ్లీషు రాయమంటే రాస్తాను, నలుగురి ముందు మాట్లాడమంటే మాత్రం నా మాట నాకే వినపడదు. ఆ సంగతి ఆనికాకి చెప్పబోయాను. అప్పటికే ఆమె గ్లవ్స్ లోంచి పేపర్లు తీసి సంచిలో సర్దుకుంటోంది.

దోహా గురించి రాసేవాళ్ళు మ్యూజియం, సూక్ బజారు, ఎడారి సఫారీ రాస్తారు. అవి నేనూ చూశాను, బాగున్నాయి. శుక్రవారం ఒక పూట వేరే రకంగా గడపాలనుకునేవాళ్ళకి మాత్రం ఈ దారి చెబుతాను. స్వీడన్ వాళ్ళు పన్నెండు సీట్ల వ్యాను రోజంతటికీ మూడు వందల రియాళ్ళకి మాట్లాడుకున్నారు. డ్రైవరు ఓబులేసు, రాజంపేట దగ్గరి మనిషి, యాభై దాటి ఉంటాయి. ఎనిమిది గంటలకి మమ్మల్నిద్దరినీ అల్ వుకైర్‌లో ఎక్కించుకుని, అల్ వక్రాలో హోటల్ ముందు ఆగి మిగతావాళ్ళని ఎక్కించుకున్నాడు. అక్కడి నుంచి ఇండస్ట్రియల్ ఏరియాకి శుక్రవారం పొద్దున అరగంట చాలు. అదే దారి పనిరోజుల్లో గంట దాటుతుంది, కంపెనీ బస్సులన్నీ రోడ్డు మీదే ఉంటాయి.

నా పక్క సీట్లో క్లబ్బు కోచ్ స్టెన్ కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, బేకరీ నడిపి మానేశాడు. ముక్కు కొంచెం ఎడమకి తిరిగి ఉంటుంది. నేను ఏమీ అడగకుండానే ఫోను తీసి క్లబ్బు గోడ మీది ఫోటోలు ఒక్కొక్కటీ చూపించాడు. మొదటిది గున్నార్. మిల్లులో షిఫ్టు దిగి, స్కీలు కట్టుకుని మంచు మీద జిమ్‌కి వచ్చేవాడట, దేశ ఛాంపియన్ అయ్యాడు. ఫోటోలో అతని మెడ, తల ఒకే వెడల్పున్నాయి. రెండోది బ్రిత్, ఉత్తరాలు పంచేది. ఆమె వయసులో ఉన్నప్పుడు ఆడవాళ్ళని రింగులోకి రానిచ్చేవారు కాదు. అయినా మానకుండా మగపిల్లలకి నేర్పుతూ ఉండిపోయింది. నియమం మారేసరికి ముప్పై దాటాయి. అప్పుడు దిగి, తన దగ్గర నేర్చుకున్న పిల్లలు చూస్తుండగా గెలిచింది. "సైకిల్ మీద అన్నేళ్ళు తిరిగిన కాళ్ళు అవి, ఎవరికీ చిక్కేవి కాదు" అన్నాడు స్టెన్.

మూడో ఫోటో రోల్ఫ్. జాతీయ జట్టులో ఆడాడు, క్లబ్బు మొత్తంలో గట్టి చెయ్యి అతనిదే. అతనికున్న ఇబ్బంది గురువారం. స్వీడన్‌లో గురువారం రాత్రి బఠాణీ సూపు, ఆ తర్వాత జామ్ వేసుకుని పాన్‌కేకులు తినడం పాత అలవాటు. వాళ్ళమ్మ పాన్‌కేకులు వేయడం ఆపేది కాదు, రోల్ఫ్ తినడం ఆపేవాడు కాదు. శుక్రవారం బరువు చూసే వేళకి ప్రతిసారీ ఎక్కువుండేవాడు. చెరువు ఒడ్డున క్లబ్బు వాళ్ళ కట్టెల ఆవిరి గది ఉంది. అందులో కూర్చుని చెమట కార్చి బరువు తగ్గేవాడు. ఆ గదికి రెండే నియమాలట. లోపల ఎవరినీ ఒంటరిగా కూర్చోబెట్టకూడదు. వేడి గురించి ఎవరూ మాట్లాడకూడదు, వేరే కబుర్లే చెప్పుకోవాలి.

ఇదంతా ఓబులేసుకి తెలుగులో చెప్పాను. అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఉడకబెట్టుకునేదానికి ప్రత్యేకంగా ఒక గది కట్టుకున్యారా మ్మా? మా రూములో ఏసీ చెడిపోతే ఊరికే వస్తాది ఆ భోగం."

స్టెన్ అడిగితే ఈ మాట ఇంగ్లీషులో చెప్పాను. వ్యానంతా నవ్వారు. ఆ నవ్వు నేను తెప్పించినదే అన్నట్టు అందరూ నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

జిమ్ ఒక టైర్ల షెడ్డు వెనక ఉంది. బోర్డు లేదు, గ్లవ్స్ దెబ్బల చప్పుడు విని వెతుక్కోవాలి. చుట్టూ పనివాళ్ళుండే క్యాంపులు. శుక్రవారం కాబట్టి కంపెనీ బస్సులు వరసగా ఖాళీగా నిలబడి ఉన్నాయి. మెట్ల మీద లుంగీల్లో కూర్చున్నవాళ్ళు ఫోన్లలో ఇళ్ళకి వీడియో కాల్స్ మాట్లాడుతున్నారు. లోపల ఒకే రింగు, గుద్దడానికి వేలాడదీసిన నాలుగు బస్తాలు, గోడకి పెద్ద ఫ్యాను. జిమ్ నడిపే ఫిలిపినో కోచ్ చేతిలో ఈలతో తిరుగుతున్నాడు. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేవాళ్ళకి నేర్పుతాడు.

మా తెలుగతను భూమేశ్. జగిత్యాల వైపు ఊరు, ఇరవై ఆరేళ్ళు, బిల్డింగుల చుట్టూ పైపులతో స్కాఫోల్డింగ్ కట్టే పని. తోడు మల్లన్న అనే ఆయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, వాళ్ళ రూములో వంట ఆయనదే. ఆయన చేతిలో మా ఇంట్లో పెళ్ళిళ్ళకి తీసే సైజు టిఫిన్ క్యారియర్ ఉంది. పరిచయాలు అయ్యాక, ఆనికా చెప్పమన్న పోటీ నియమాలు భూమేశ్‌కి చెప్పడం మొదలుపెట్టాను. మల్లన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"చెల్లె, జర గట్టిగ చెప్పు. బ్యాటరీ అయిపోయిన రేడియో లెక్క వినొస్తుంది."

భూమేశ్ ఆయన్ని మోచేత్తో పొడిచి, నాకు సారీ చెప్పాడు. అతని సంగతి నాకు మల్లన్నే చెప్పాడు. రెండేళ్ళుగా ఇక్కడ నేర్చుకుంటున్నా భూమేశ్ ఇంతవరకు ఒక్క పోటీ కూడా ఆడలేదు. మూడుసార్లు ఖాయమైంది. రెండుసార్లు ఓవర్‌టైమ్ పడింది, ఒకసారి ఎదుటివాడే రాలేదు. వచ్చే నెల వాళ్ళ జట్టునంతా కంపెనీ దుఖాన్ సైటుకి మారుస్తోంది. అక్కడ జిమ్ లేదు, అక్కడి నుంచి ఇక్కడికి బస్సూ లేదు. "ఇయ్యాల ఆడకుంటే ఇగ ఆడనట్టే" అన్నాడు మల్లన్న, భూమేశ్ అటు వెళ్ళాక.

పదింటికి బరువులు చూశారు. భూమేశ్ ఆడాల్సింది అరవై ఏడు కిలోల లోపు. ఎదుటి బాక్సర్ ఎమిల్, స్వీడన్‌లో ఎలక్ట్రీషియన్, ఎర్రటి బుగ్గల పొడుగాటి మనిషి. అతను సునాయాసంగా సరిపోయాడు. భూమేశ్ ఎక్కాడు. ఏడు వందల గ్రాములు ఎక్కువ. దిగి మళ్ళీ ఎక్కాడు. అంతే.

"నిన్న పొద్దున సరిగ్గా ఉన్నాడు" అన్నాడు జిమ్ కోచ్. "ఏం తిన్నావో అడగండి."

అడిగాను. భూమేశ్ మల్లన్న వైపు చూశాడు. మల్లన్న క్యారియర్ వైపు చూశాడు.

"రాత్రి మటన్, బగారన్నం" అన్నాడు భూమేశ్. "రూమంత నా కోసమే వండిన్రక్కా. ఎనిమిది మందిమి ఉంటం. ఒక్కొక్కలు వచ్చి ప్లేట్ల ఒక్కో గంటె వేసిపోయిన్రు."

"మరి నువ్వు బరువు సంగతి చెప్పలేదా?"

"చెప్పిన. బరువుంటెనే కదరా దెబ్బ గట్టిగ పడేదన్నడు మల్లన్న."

"కొట్లాటకు పోయెటోన్ని ఖాళీ కడుపుతోని పంపుతరా ఎవరన్న?" అన్నాడు మల్లన్న. తర్వాత గొంతు తగ్గించి, "పొద్దుగాల గూడ రొండు గుడ్లు పెట్టిన చెల్లె. సార్‌తో అది చెప్పకు" అన్నాడు.

చెప్పాల్సి వచ్చింది. ఎమిల్ తనకేం అభ్యంతరం లేదన్నాడు. జిమ్ కోచ్ మాత్రం ఒప్పుకోలేదు. మొదటి పోటీ ఆడేవాళ్ళని బరువు తప్పి రింగులోకి దించితే ఇక ఎవరూ ఏ నియమమూ పాటించరని అతని మాట. పదకొండింటికి, ప్రార్థన వేళకి ముందు, తూకం మూసేస్తాడు. అప్పటికి సరిపోతే సాయంత్రం పోటీ, లేకపోతే లేదు. భూమేశ్ సరే అన్నట్టు తలూపి గోడ దగ్గర కూర్చుని షూ లేసులు విప్పుకోవడం మొదలుపెట్టాడు. మల్లన్న క్యారియర్‌ని బెంచీ కిందికి తోసేశాడు.

స్టెన్ నా దగ్గరికి వచ్చి, "నిన్న రాత్రి వాళ్ళకి విందు ఎందుకు?" అని అడిగాడు. శుక్రవారం సెలవు కాబట్టి క్యాంపుల్లో గురువారం రాత్రే మాంసం వండుకుంటారని చెప్పాను.

"గురువారమా?" అన్నాడు. అతని ముఖం మొత్తం మారింది. స్వీడిష్‌లో తన వాళ్ళతో ఏదో అన్నాడు. అందులో రోల్ఫ్ అన్న పేరొక్కటే నాకు అర్థమైంది, వాళ్ళందరూ మాత్రం పొట్టలు పట్టుకుని నవ్వారు. తర్వాత బయటికి నడిచి, ఎండలో నిలబెట్టిన ఓబులేసు వ్యాను తలుపు తీసి, తల లోపలికి పెట్టి, వెంటనే బయటికి తీసుకుని, సంతోషంగా మమ్మల్ని పిలిచాడు. ఏప్రిల్ ఎండ. మూసిన వ్యానులో సీటు మీద చెయ్యి పెట్టలేకపోయాం.

"నా బండినా?" అన్నాడు ఓబులేసు. "ఇడ్లీ పాత్ర అనుకుంటాండారా మ్మా దీన్ని?" అంటూనే వెళ్ళి సీట్ల మీద పాత దుప్పట్లు పరిచాడు.

భూమేశ్ రెండు స్వెట్ షర్టులు వేసుకుని ఎక్కాడు. తలుపు వేయబోతుంటే ఎమిల్ తన బనియను మీద జాకెట్టు వేసుకుంటూ వచ్చి, భూమేశ్ పక్కన కూర్చున్నాడు. అతనికి తగ్గాల్సిన బరువు గ్రాము కూడా లేదు. సాయంత్రం ఆడాల్సిన ఒంట్లోంచి ఊరికే నీళ్ళు పోగొట్టుకోవడమే. భూమేశ్ కంగారుపడి నన్ను పిలిచాడు.

"అక్కా, ఈయన ఎందుకు వచ్చిండు? దిగుమని చెప్పుర్రి."

చెప్పాను. ఎమిల్ భుజాలెగరేసి, తమ క్లబ్బులో ఎవరినీ ఒంటరిగా కూర్చోబెట్టరని అన్నాడు. ఎదుటివాడైనా సరే. స్టెన్ అతనికి వద్దనీ చెప్పలేదు, మంచిదనీ చెప్పలేదు. చేతి గడియారం చూసుకుని, పది నిమిషాలకోసారి తలుపు తీస్తానని, కళ్ళు తిరిగితే వెంటనే చెప్పాలని మాత్రం అన్నాడు.

ఇద్దరికీ కలిసే భాష ఒక్కటీ లేదు, కబుర్లేమో చెప్పుకోవాలి. నేను ముందు సీట్లో కూర్చున్నాను, నా వైపు అద్దం కొంచెం దించుకుని. నా జీవితంలో అంత వేడిగా ఎప్పుడూ కూర్చోలేదు. వేడి గురించి మాట్లాడకూడదు కాబట్టి ఎమిల్ చలి గురించి చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో ఆవిరి గదిలోంచి పరుగెత్తుకెళ్ళి గడ్డకట్టిన చెరువులో కోసిన గుంతలోకి దూకుతారట.

"బట్టల్లేకుంటనా?" అని అడిగాడు భూమేశ్. నేను అది అనువాదం చేయలేదు. చేతి సైగలతో వాళ్ళే తేల్చుకున్నారు.

భూమేశ్ తన పని గురించి చెప్పాడు. పైపుల మీద నలభయ్యో అంతస్తు ఎత్తున నిలబడితే పొద్దున పూట సముద్రం మీద పడవల నీడలు కూడా కనిపిస్తాయట. అంత ఎత్తున చెమట పట్టదు, గాలి ఉంటుంది. ఎమిల్ తనకి నిచ్చెన మూడో మెట్టు దాటితే భయమని ఒప్పుకున్నాడు. కరెంటు పనివాడు నిచ్చెనెక్కకపోతే ఎలా అని అడిగితే, తన అసిస్టెంటుని ఎక్కిస్తాడట. భూమేశ్ నవ్వుతూ స్వెట్ షర్టు చేతితో ముఖం తుడుచుకున్నాడు. అది అప్పటికే పిండేలా తడిసింది. బయట మల్లన్న అద్దానికి ముఖం ఆనించి, "తగ్గినవారా?" అని అడుగుతూనే ఉన్నాడు.

పదకొండుకి కొన్ని నిమిషాల ముందు తూకం ఎక్కితే, ఇంకా అరవై గ్రాములు ఎక్కువ. షార్ట్సు తప్ప ఒంటి మీద ఏమీ లేదు. అప్పుడు మల్లన్న భూమేశ్ నడుము వైపు చూసి, "మొలతాడు తీసినవా?" అన్నాడు. భూమేశ్ నావైపు ఒకసారి చూసి తలొంచుకున్నాడు. వెండి మొలతాడు, వాళ్ళమ్మ వేసినది, ఎన్నడూ తీయలేదట. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. నా పక్కన ఆనికా కూడా, ఎందుకో తెలియకుండానే, తిరిగి నిలబడింది. వెనక మల్లన్న గొంతు వినిపించింది, "తాడు పట్టిన, పట్టిన, నువ్వెక్కు." తర్వాత జిమ్ కోచ్ ఈల.

సరిపోయాడు.

ప్రార్థన వేళ అంతా నిశ్శబ్దం. ఇద్దరు బాక్సర్లూ ఫ్యాను కింద అట్టముక్కల మీద పడుకుని ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగారు, అన్నం తిన్నారు, నిద్రపోయారు. మూడున్నరకి డాక్టరు వచ్చాడు. తలనొప్పి ఉందా అని అడిగాడు. భూమేశ్ చిరునవ్వుతో తలూపాడు. చూపు మసకగా ఉందా? మళ్ళీ తలూపాడు. డాక్టరు ఇతన్ని ఆడించలేనన్నట్టు స్టెతస్కోపు పక్కన పెట్టాడు. షెడ్డులో అప్పటికి వందమంది దాకా చేరి గోలగా ఉంది, నా మాట భూమేశ్‌కి వినపడలేదు.

"భూమేశ్, ఊరికే తలూపకు. నొప్పి ఉందా లేదా అని అడుగుతున్నారు. లేకపోతే లేదని నోటితో చెప్పు" అని అరిచాను. షెడ్డంతా ఒక్క క్షణం ఆగింది.

"నొప్పేం లేదక్కా. మంచిగున్న. కండ్ల నిండ నిద్రపోయిన."

"బ్యాటరీ పడ్డది" అన్నాడు మల్లన్న పక్కవాళ్ళతో.

మూడు రౌండ్లు. ఒక్కొక్కటి రెండు నిమిషాలు. చూస్తున్నవాళ్ళకి చాలా తక్కువ, ఆడుతున్నవాళ్ళకి చాలా ఎక్కువ. మొదటి రౌండులో భూమేశ్ చేతులు ఎత్తుకోవడం తప్ప ఏమీ చేయలేదు. ఎమిల్ ఎడమ చెయ్యి పొడుగు, వచ్చి తాకి వెళ్ళిపోయేది. రెండో రౌండులో భూమేశ్ ఆ చెయ్యి కిందనించి దూరడం నేర్చుకున్నాడు. దూరిన ప్రతిసారీ అతని రూము వాళ్ళు రేకుల గోడని చేతులతో బాదారు. స్టెన్ తన బాక్సర్‌కి నీళ్ళు పట్టిస్తూ అవతలి మూలకి చూసి తలూపడం చూశాను. మూడో రౌండు చివర్లో ఇద్దరూ అలిసిపోయి, ఒకరి భుజం మీద ఒకరు తల ఆనించి కొట్టుకుంటున్నారు. గంట మోగాక కూడా అలాగే నిలబడ్డారు. రిఫరీ విడదీయాల్సి వచ్చింది.

తర్వాత రూము వాళ్ళు ఏడుగురూ తాళ్ళ మధ్యనుంచి దూరి భూమేశ్‌ని భుజాల మీదకి ఎత్తుకుని షెడ్డు బయటిదాకా తీసుకెళ్ళారు. ఎమిల్ వెనక నడుస్తూ అతని షూ మోశాడు, ఒకటి జారిపోయింది కాబట్టి. బెంచీ కిందినుంచి క్యారియర్ బయటికి వచ్చింది. వ్యాను పక్కన నీడలో, రొట్టెలతో, అందరూ నిలబడే తిన్నారు. స్టెన్ చేత్తో తింటూ, ఈ మటన్ పులుసు రోల్ఫ్‌కి తెలిసి ఉంటే తమ క్లబ్బుకి ఒక్క పతకం కూడా వచ్చేది కాదన్నాడు. మల్లన్నకి అది చెప్పాను. ఆయన స్టెన్ ప్లేట్లో ఇంకో గంటె వేశాడు. "యల్లా, తిను తాత. నువ్వేం తూకం ఎక్కేది లేదు."

చీకటి పడకముందే అల్ వుకైర్ చేరాం. ప్రయాణమంటే కొత్త చోటు చూడటమని అనుకునేదాన్ని. ఆ రోజు చూసిన చోటు గురించి చెప్పాలంటే ఒక షెడ్డు, ఒక తూకం, ఒక వ్యాను, అంతే. అయినా రెండు నెలల్లో నేను ఎక్కువగా తలుచుకునేది ఆ వ్యానులో కూర్చున్న సేపటినే. ఒక ఊరివాళ్ళు మంచులో కట్టుకున్న పద్ధతి, ఇంకో ఊరివాడికి ఎండలో అక్కరకొచ్చింది. అటూ ఇటూ మాటలు మోయడం తప్ప నేను చేసిందేమీ లేదు. అది చేయడానికి కూడా నాకు ధైర్యం కావాల్సి వచ్చింది, అది అప్పటికప్పుడు ఎక్కడినుంచో వచ్చింది.

ఇలాంటి పోటీలు చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. టికెట్టు ఉండదు, ఆడవాళ్ళు వెళ్ళొచ్చు, ముందు వరసలో కుర్చీ కూడా ఇస్తారు. శుక్రవారం సాయంత్రం ఇండస్ట్రియల్ ఏరియా లోపలినుంచి తిరిగి రావడానికి టాక్సీ దొరకడం కష్టం కాబట్టి, రానూ పోనూ బండి ముందే మాట్లాడుకోండి. నీడలో నిలపమని చెప్పండి.

ఆ సాయంత్రం రిఫరీ పైకెత్తింది ఎమిల్ చెయ్యి.